గాయపడ్డ ఆటగాడి కోసం పుట్టిన బోర్డు: న్యూ సౌత్ వేల్స్ రగ్బీ లీగ్ కథ

పాత క్రికెట్ కబుర్లు ఇష్టపడేవాళ్లకు విక్టర్ ట్రంపర్ పేరు కొత్తేమీ కాదు. 1902లో మాంచెస్టర్‌లో ఇంగ్లాండ్‌పై టెస్ట్ మొదటి రోజు లంచ్‌కు ముందే సెంచరీ కొట్టిన ఆస్ట్రేలియా బ్యాటర్ ఆయన. అయితే ట్రంపర్ ఇంకో ఆటకు కూడా పునాది వేసినవాళ్లలో ఒకరని మన దగ్గర చాలామందికి తెలియదు. ఆ ఆట రగ్బీ లీగ్. దాన్ని సిడ్నీలో నడపడానికి 1907లో పుట్టిన సంస్థకు ఆయనే తొలి కోశాధికారి. ఆ సంస్థే నేటి న్యూ సౌత్ వేల్స్ రగ్బీ లీగ్.

ఇది ఆస్ట్రేలియాలోని ఒక రాష్ట్రానికి చెందిన క్రీడా బోర్డు. కానీ దాని చరిత్ర అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. మైదానంలో దెబ్బ తగిలి మంచం పట్టిన ఆటగాడి ఇల్లు ఎవరు నడపాలి?

రెండు రగ్బీలు ఎందుకు?

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. రగ్బీలో రెండు శాఖలున్నాయి: యూనియన్, లీగ్. 2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ జట్టు ఆడింది. పేరులో లీగ్ అని ఉన్నా అది యూనియన్ శాఖకు చెందిన ఏడుగురి ఆట. రగ్బీ లీగ్ వేరు. ఇందులో జట్టుకు 13 మంది. కబడ్డీలో రైడర్‌ను పట్టుకుని పడేసినట్టు, బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి ప్రత్యర్థులు పట్టి ఆపుతారు. అలా ఆరుసార్లు ఆపితే బంతిని అవతలి జట్టుకు అప్పగించాలి.

ఈ చీలిక 1895లో ఇంగ్లాండ్‌లో వచ్చింది. ఉత్తర ఇంగ్లాండ్ క్లబ్బుల్లో ఆడేవాళ్లలో ఎక్కువమంది మిల్లు కార్మికులు, గని కార్మికులు. అప్పట్లో శనివారం కూడా పని ఉండేది. ఆటకు వెళ్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి మేరకైనా డబ్బు ఇస్తామని క్లబ్బులు అడిగాయి. ఆటకు డబ్బు తీసుకోవడం తప్పని రగ్బీ పెద్దలు ఒప్పుకోలేదు. దాంతో ఆ క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్ పట్టణంలో సమావేశమై, నార్తర్న్ యూనియన్ పేరుతో విడిపోయాయి. కాలక్రమంలో వాళ్ల నియమాలు మారి, ఆటే వేరైపోయింది.

సిడ్నీలో మొదలైన గొడవ

పన్నెండేళ్ల తర్వాత అదే కథ సిడ్నీలో మొదలైంది. రగ్బీ మ్యాచ్‌లకు జనం వేలల్లో వస్తున్నారు, టికెట్ల డబ్బు పెరుగుతోంది. ఆడేవాడికి మాత్రం ఏమీ మిగలడం లేదు. అలెక్స్ బర్డన్ అనే ఆటగాడు గాయపడి పనికి వెళ్లలేకపోయాడు. అతనికి నష్టపరిహారం దక్కలేదు. ఆటగాళ్లలో అప్పటికే ఉన్న కోపానికి ఈ సంఘటన ఆజ్యం పోసింది.

1907 ఆగస్టు 8న సిడ్నీ జార్జ్ స్ట్రీట్‌లోని ఒక హోటల్‌లో సమావేశం జరిగింది. హెన్రీ హాయిల్ అధ్యక్షుడు, జేమ్స్ గిల్టినన్ కార్యదర్శి, ట్రంపర్ కోశాధికారి అయ్యారు. అదే నెలలో న్యూజిలాండ్ నుంచి ఇంగ్లాండ్ వెళ్తున్న ప్రొఫెషనల్ జట్టు సిడ్నీలో ఆగి మూడు మ్యాచ్‌లు ఆడింది. సిడ్నీలో అప్పటి పెద్ద స్టార్ డాలీ మెసెంజర్ కొత్త ఆటలోకి రావడంతో జనం కూడా అతని వెంట వచ్చారు.

1908లో తొమ్మిది క్లబ్బులతో తొలి సీజన్ జరిగింది. ఫైనల్లో సౌత్ సిడ్నీ జట్టు ఈస్టర్న్ సబర్బ్స్‌పై 14-12తో గెలిచింది. సౌత్ సిడ్నీ, ఈస్టర్న్ సబర్బ్స్, బాల్మెయిన్, గ్లీబ్, న్యూటౌన్... క్లబ్బుల పేర్లన్నీ పేటల పేర్లే. మన ఊళ్లలో వాడకో కబడ్డీ టీమ్ ఉన్నట్టు, సిడ్నీలో పేటకో క్లబ్బు అన్నమాట.

స్థాపకులకు మాత్రం ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. లెక్కల వ్యవహారంలో తేడాలు రావడంతో 1909లో ముగ్గురినీ పదవుల నుంచి తప్పించారు. ఆస్ట్రేలియా జట్టును తొలిసారి ఇంగ్లాండ్ తీసుకెళ్లిన గిల్టినన్ ఆ పర్యటన నష్టాలతో దివాలా తీశాడు. ఈరోజు లీగ్ దశలో మొదటి స్థానంలో నిలిచిన జట్టుకు ఇచ్చే షీల్డ్ మాత్రం ఆయన పేరుతోనే ఉంది.

బోర్డుపైనే కోర్టుకెక్కిన ఆటగాడు

ఆటగాడి హక్కు కోసం పుట్టిన సంస్థ కాలం గడిచేకొద్దీ తానే యజమానిలా మారింది. కాంట్రాక్టు ముగిసినా సరే, క్లబ్బు ఒప్పుకోకపోతే ఆటగాడు వేరే క్లబ్బుకు వెళ్లకూడదని నియమం పెట్టింది. బాల్మెయిన్ క్లబ్బు ఆటగాడు డెన్నిస్ టట్టీ దీన్ని ఎదిరించాడు. 1969 సీజన్ మొత్తం ఆడకుండా కూర్చున్నాడు. అదే ఏడాది బాల్మెయిన్ ఛాంపియన్ అయింది. అంటే తన జట్టు కప్పు ఎత్తుతుంటే అతను బయట నిలబడి చూశాడు.

కేసు ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు దాకా వెళ్లింది. 1971 డిసెంబరులో తీర్పు టట్టీకి అనుకూలంగా వచ్చింది. ఆ నియమం మనిషి బతుకుదెరువును అన్యాయంగా అడ్డుకుంటోందని కోర్టు తేల్చింది. ఇవాళ ఆస్ట్రేలియాలో ఆటగాడు కాంట్రాక్టు ముగిశాక నచ్చిన క్లబ్బుకు వెళ్లగలుగుతున్నాడంటే ఆ తీర్పు చలవ ఉంది.

క్లబ్బులకూ బోర్డుతో ఇలాంటి అనుభవమే ఎదురైంది. 1908 నుంచి ఆడుతున్న న్యూటౌన్‌ను 1983 సీజన్ తర్వాత అప్పుల కారణంగా పోటీ నుంచి తప్పించారు. వెస్టర్న్ సబర్బ్స్‌నూ తీసేయాలని చూస్తే ఆ క్లబ్బు కోర్టుకు వెళ్లింది. పోటీలో ఎన్ని జట్లు ఉండాలో తేల్చే అధికారం బోర్డుకు ఉందని 1985లో హైకోర్టు చెప్పింది. అయినా ఆ క్లబ్బు పోటీలో కొనసాగింది. చివరికి 1999లో బాల్మెయిన్‌తో కలిసి వెస్ట్స్ టైగర్స్ అయింది.

ఇప్పుడు ఎవరి పని ఏమిటి?

1995లో రూపర్ట్ మర్డోక్ కంపెనీ టీవీ హక్కుల కోసం ఆటగాళ్లను, క్లబ్బులను పెద్ద మొత్తాలకు తనవైపు తిప్పుకుంది. 1997లో దేశంలో రెండు పోటీలు విడివిడిగా నడిచాయి. ఆ పోరు రాజీతో ముగిసి 1998లో నేషనల్ రగ్బీ లీగ్, అంటే ఎన్‌ఆర్‌ఎల్ వచ్చింది. పెద్ద పోటీ రాష్ట్ర బోర్డు చేతుల్లోంచి పోయింది. 2012 నుంచి దేశమంతటి ఆటను ఒక స్వతంత్ర కమిషన్ చూస్తోంది. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల బోర్డులు అందులో సభ్యులు.

మరి రాష్ట్ర బోర్డుకు మిగిలిందేమిటి? నిజానికి ఆటకు వేళ్లన్నీ దాని దగ్గరే ఉన్నాయి. పిల్లల పోటీలు, జిల్లా స్థాయి పోటీలు, యువకుల జెర్సీ ఫ్లెగ్ కప్, ఎన్‌ఆర్‌ఎల్ కింది మెట్టు లాంటి ఎన్‌ఎస్‌డబ్ల్యూ కప్, అమ్మాయిల పోటీలు, కోచ్‌ల శిక్షణ అన్నీ అదే చూస్తుంది. 2019లో పల్లె ప్రాంతాల ఆటను చూసే కంట్రీ రగ్బీ లీగ్ కూడా అందులో కలిసింది. రాష్ట్ర జట్టు ఎంపిక కూడా దాని పనే. 1980లో మొదలైన స్టేట్ ఆఫ్ ఆరిజిన్‌లో న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ తలపడతాయి. ఏ క్లబ్బుకు ఆడుతున్నాడన్నది కాదు, సొంత రాష్ట్రం ఏదన్నదే అక్కడ లెక్క.

డబ్బు విషయంలో ఇంకో కోణం ఉంది. 1956లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం క్లబ్బుల్లో జూదం మెషీన్లకు చట్టబద్ధ అనుమతి ఇచ్చింది. చాలా రగ్బీ జట్ల ఖర్చు ఆ ఆదాయంతోనే వెళ్లింది. మైదానంలో పిల్లలు పరుగెత్తడానికి అయ్యే ఖర్చు, పక్క భవనంలో పెద్దలు పోగొట్టుకునే డబ్బు నుంచి రావడం సరైనదేనా అనే చర్చ అక్కడ నేటికీ నడుస్తోంది.

లెబనాన్ నుంచి వచ్చిన కుర్రాడు

కింది మెట్ల నుంచి ఎంతదాకా ఎక్కవచ్చో హాజెమ్ ఎల్ మస్రీ జీవితం చూస్తే తెలుస్తుంది. లెబనాన్‌లోని ట్రిపోలిలో పుట్టి, చిన్నతనంలో కుటుంబంతో సిడ్నీ చేరాడు. స్కూల్లో ఆడుతూ పైకి వచ్చి, కాంటర్‌బరీ బుల్‌డాగ్స్ క్లబ్బుకు 1996లో తొలి మ్యాచ్ ఆడాడు. 2004లో ఆ జట్టు ఛాంపియన్ అయినప్పుడు అతనూ ఉన్నాడు. 2007లో న్యూ సౌత్ వేల్స్ జెర్సీ వేసుకున్నాడు. 2009లో రిటైరయ్యేసరికి 2,418 పాయింట్లతో ఈ పోటీ చరిత్రలో అత్యధిక పాయింట్ల రికార్డు అతనిదే. దాన్ని 2019లో కామెరాన్ స్మిత్ దాటాడు.

తన దీన్‌ను దాచుకోకుండా, రంజాన్‌లో రోజాలు పాటించే ఆటగాడిగానే అక్కడి జనం అతన్ని ప్రేమించారు. పేటలను నమ్ముకుని పుట్టిన ఆట, ఆ పేటల్లోకి కొత్తగా వచ్చినవాళ్లకూ చోటిచ్చింది.

పాత ప్రశ్న మళ్లీ

2019లో సిడ్నీ పరిశోధకులు ఇద్దరు మాజీ రగ్బీ లీగ్ ఆటగాళ్ల మెదళ్లలో సీటీఈ అనే జబ్బును గుర్తించారు. తలకు పదేపదే దెబ్బలు తగలడంతో ముడిపడిన జబ్బు ఇది. ఇప్పుడు మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలితే ఆటగాణ్ణి బయటికి తీసుకెళ్లి పరీక్షించాల్సిందే.

1907లో గాయం కంటికి కనిపించేది. ఇవాళ్టి గాయం ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. అప్పటికి ఆటగాడి చేతిలో కాంట్రాక్టు ఉండదు, చుట్టూ చప్పట్లు ఉండవు, ఇంట్లో భార్యాపిల్లలు మాత్రమే ఉంటారు. బర్డన్ గాయం లేవనెత్తిన ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ బోర్డు పుట్టింది. పిల్లల్ని మైదానానికి పంపే ప్రతి తల్లీతండ్రీ ఏ ఆట బోర్డునైనా ముందుగా అడగాల్సిన ప్రశ్న కూడా అదే.