మధ్య అంతస్తు మనిషి

2017 అక్టోబరు 1, ఆదివారం. బార్సిలోనాలో పొద్దున్నే వాన. మా వీధి చివర బడి ముందు గొడుగులతో బారులు తీరిన జనం. పోలీసులు వచ్చి తాళం వేయకుండా కొందరు తల్లిదండ్రులు శుక్రవారం నుంచీ ఆ బడిలోనే పడుకున్నారు మరి!

స్పెయిన్ నుంచి కాటలోనియా విడిపోవాలా, వద్దా... అదీ ఆ రోజు ప్రశ్న. ఓటింగ్ ఆపమంది స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం. జరిపి తీరతామంది కాటలోనియా ప్రభుత్వం.

ఉద్యోగం కోసం అక్కడికి వెళ్లిన నాకు ఓటు లేదు. బహుశా అందుకేనేమో, అందరూ నాతో మనసు విప్పి మాట్లాడేవారు.

మా భవనంలో నా కింద అంతస్తులో ఒక పెద్దావిడ. ఫ్రాంకో నియంతృత్వంలో బళ్లో కాటలాన్ మాట్లాడినందుకు దెబ్బలు తిన్న మనిషి. పై అంతస్తులో ఒక పెద్దాయన. 1960ల్లో అండలూసియా నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చి స్థిరపడ్డారు. నలభై ఏళ్ల స్నేహం. ఆదివారం భోజనాలు కలిసే.

ఆ సెప్టెంబరులో అవి ఆగిపోయాయి. ఆవిడ బాల్కనీకి నక్షత్రం ఉన్న కాటలాన్ జెండా, ఆయన కిటికీకి స్పెయిన్ జెండా. రాత్రి పదింటికి ఆవిడ గరిటెతో గిన్నె మోగిస్తే, ఆయన టీవీ సౌండు పెంచేవారు.

''ఓటు వేయకుండా పోతే మా అమ్మకు ఏం సమాధానం చెప్పను?'' అనేవారు ఆవిడ.

''మావాళ్ల సమాధులన్నీ అండలూసియాలోనే. రేపు వాటిని చూడాలంటే సరిహద్దు దాటాలా?'' అనేవారు ఆయన.

2014 జూన్ 2న మన రాష్ట్రం రెండైంది. అది ఒకే దేశంలో జరిగిన విభజన, ఇది దేశాన్నే విడదీసే మాట. అయినా... గుంటూరులో నాన్న, హైదరాబాద్‌లో మామయ్య ఫోన్లో ఆ ఊసే ఎత్తకుండా కుశల ప్రశ్నలతో సరిపెట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి.

ఆ ఉదయం ఆవిడ ఓటుకు వెళ్లారు. ఆయన వెళ్లలేదు. వద్దనుకున్నవారిలో చాలామంది ఇంట్లోనే ఉండిపోయారు. కాసేపటికి టీవీలో లాఠీల దృశ్యాలు... వెయ్యి మందికి పైగా చికిత్స అవసరమైందని కాటలోనియా ఆరోగ్య శాఖ తర్వాత ప్రకటించింది.

పెద్దాయన గబగబా కిందికి దిగారు. ఆవిడ వచ్చేదాకా గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ లోపలికి వెళ్లాక, ఒక్క మాటైనా మాట్లాడకుండా మెట్లెక్కేశారు.

పడిన ఓట్లలో తొంభై శాతం 'అవును'! కానీ ఓటు వేసింది 43 శాతమే. ఇద్దరికీ ఎవరి లెక్క వాళ్లకుంది. అక్టోబరు 27న కాటలోనియా పార్లమెంటు స్వాతంత్య్రం ప్రకటించింది. అదే రోజు స్పెయిన్ ఆ ప్రభుత్వాన్ని రద్దుచేసింది. 2019లో తొమ్మిది మంది నేతలకు జైలుశిక్షలు, 2021లో క్షమాభిక్ష, 2024లో క్షమాభిక్ష చట్టం... కాటలోనియా మాత్రం స్పెయిన్‌లోనే ఉంది.

నేను తిరిగొచ్చేనాటికి రెండు జెండాలూ ఎండకు వెలిసిపోయాయి. ఆదివారం భోజనాలు మళ్లీ మొదలవలేదు. మెట్ల మీద ఎదురుపడితే మాత్రం ''వాన వచ్చేట్టుంది'' అని ఒకరు, ''అవునవును'' అని మరొకరు.

ఆ మాత్రం మాటే పదివేలు అనుకున్నాను.