వసంతం వాలే మోడు

కావ్యాల్లో వసంతం పచ్చగా ఉంటుంది. తాండూరు చుట్టుపక్కల రేగడి చేలకు అది ఎండుగడ్డి రంగులో వస్తుంది. కంది కొట్టి, శనగ కల్లం ముగించేసరికి మాఘమాసం వెళ్ళిపోతుంది. నేల నెర్రెలు విచ్చుతుంది. వేప ఆకు రాలుస్తుంది. మోదుగ ఒంటి మీద ఒక్క ఆకూ మిగలదు. "ఈ ఎండల్లో చేన్లో చూడడానికేముంది?" అని పట్నం చుట్టాలు అడుగుతుంటారు. మా ఇంటిల్లిపాదీ నమ్ముకున్న ఈ మెట్ట చేనులో పిట్టలను చూడడానికి ఏడాది మొత్తంలో ఇంతకన్నా మంచి కాలం లేదు. పైరు నిలిచి ఉన్నన్నాళ్ళూ పిట్ట గొంతే వినబడుతుంది, పిట్ట కనబడదు. కోతలయ్యాక చూపుకు అడ్డం ఉండదు. ఆకు రాలిన కొమ్మ మీద ఏది వాలినా తెలుస్తుంది. పైగా చాలా పిట్టలకు ఇది జతకట్టే కాలం. రంగు, పాట, ఆట, తగాదా, అన్నీ ఈ రెండు మూడు నెలల్లోనే.

మొదటి కబురు మోదుగది. ఫిబ్రవరిలో నల్లని నూగు తొడిమల్లోంచి నారింజ రంగు పూలు విచ్చుకుంటాయి. హోలీకి పిల్లలు ఈ పూలనే నీళ్ళలో ఉడికించి రంగు తీస్తారు. పొద్దు పొడిచే వేళ చెట్టు కిందికి వెళితే ఆ పూలకు అసలు హక్కుదారులెవరో తెలుస్తుంది. తేనెపిట్టలు, గోరింకలు, పిగిలిపిట్టలు, చిలుకలు, అన్నీ అక్కడే. పువ్వు అడుగున తేనె ఉంటుంది. దానికోసం ముక్కు లోపలికి దూర్చిన పిట్ట తలకు పుప్పొడి అంటుకుని మరో చెట్టుకు చేరుతుంది. చిలుకలు మాత్రం చాలాసార్లు పువ్వునే తుంచి, తేనె పీల్చి, కింద పారేస్తాయి. కొన్ని ఏళ్ళు గులాబి గోరింకలు దండుగా దిగుతాయి. తల, రెక్కలు, తోక నలుపు. తక్కిన ఒళ్ళంతా లేత గులాబి. మధ్య ఆసియాలో గుడ్లు పెట్టి, వానాకాలం చివర్లో మన దగ్గరికి వచ్చి, ఏప్రిల్ నాటికి తిరిగిపోయే పిట్టలివి. మోదుగ, బూరుగ పూల తేనె వాటికి దారిబత్తెం.

గట్టు మీది రావికి రాగిరంగు చిగురు వేసేసరికి కంసాలిపిట్ట గొంతు విప్పుతుంది. పిచ్చుక కన్నా కాస్త పెద్దదైన పచ్చని పిట్ట, నుదుట ఎర్రని బొట్టు. టుక్, టుక్, టుక్ అంటూ మిట్టమధ్యాహ్నం కూడా ఆపదు. మెత్తబడిన ఎండుకొమ్మను ముక్కుతో తొలిచి గూడు చేసుకుంటుంది. గట్టి పచ్చికొమ్మ దానికి పనికిరాదు. మా పొలంలోని తాటి మోడు సంగతి ఇక్కడే చెప్పాలి.

పిడుగు పడి తల పోగొట్టుకున్న మాను అది. కల్లు లేదు, కమ్మ లేదు, నీడ లేదు. పక్క చేను ఆయన మా నాయనను ఎప్పుడూ అడుగుతుంటాడు: "అన్నా, ఆ మొండి మాను ఎందుకే? కొట్టేస్తే పొయ్యిల కట్టెలన్నా అయితయి గద." నాయన జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: "దాంట్ల కాపురమున్నోళ్ళను యాడికి పొమ్మంట తమ్మీ?"

కాపురమున్నది పాలపిట్ట జంట. కూర్చున్నప్పుడు ఈ పిట్టను చూసి ఎవరూ ఆగరు. మట్టిరంగు రొమ్ము, పెద్ద తల, కరెంటు తీగ మీద కదలకుండా గంటలకొద్దీ కాపు. రెక్క విప్పిందా, ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా బయటపడతాయి. మార్చి వచ్చేసరికి మగపిట్ట ఆకాశంలోకి నిట్టనిలువుగా లేస్తుంది. పైన ఒక క్షణం ఆగి, తలకిందులుగా జారుతూ, అటూ ఇటూ ఒరిగిపోతూ, కర్కశంగా అరుచుకుంటూ కిందికి దూకుతుంది. నేలను తాకేలోపు తేరుకుని మళ్ళీ లేస్తుంది. గొంతులో సంగీతం బొత్తిగా లేదు. ఆ విన్యాసం చూశాక సంగీతం లేని లోటు నాకు గుర్తుండదు. మా అమ్మ అయితే చేతిలో పని పక్కన పెట్టి, నడుం మీద చేయి వేసుకుని నిలబడిపోతుంది.

పాలపిట్ట తానుగా మానును తొలచలేదు. వడ్రంగిపిట్ట వదిలేసిన తొర్ర, పుచ్చిన కొమ్మ బోలు, తల తెగిన తాటి, ఈత మానుల గుల్ల, ఇవే దాని ఇళ్ళు. అందులో మెరిసే తెల్లని గుడ్లు, సాధారణంగా నాలుగైదు పెడుతుంది. గుడ్లు పొదగడం, పిల్లలను సాకడం ఆడదీ మగదీ కలిసే చేస్తాయి. మేత అంతా నేల మీదిదే: మిడతలు, పెంకు పురుగులు, కీచురాళ్ళు, అప్పుడప్పుడు బల్లి పిల్లలు. రైతుకు ఇంతకన్నా కావలసిన చుట్టం ఎవరు?

తెలంగాణ 2014లో దీన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ ఇదే. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని మనవాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం నాకూ ఇష్టమే. దాని పేరు చెప్పి పిట్టలను వల వేసి పట్టి, కాళ్ళు కట్టి, పంజరాల్లో తిప్పుతూ డబ్బులకు చూపించడం మాత్రం కడుపు తరుక్కుపోయే పని, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. శుభం కావాలనుకునే వాళ్ళు పొలాలకు రావాలి. పాలపిట్ట దసరాకూ ఇక్కడే ఉంటుంది, ఉగాదికీ ఇక్కడే ఉంటుంది.

ఉండాలి అని కూడా అనాలేమో. 2023లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక మన దేశంలోని 942 జాతుల స్థితిని లెక్కగట్టింది. 30 వేల మందికి పైగా పక్షి ప్రేమికులు నమోదు చేసిన వివరాలు దానికి ఆధారం. పాలపిట్టల సంఖ్య 30 శాతానికి పైగా తగ్గిందని, ప్రపంచస్థాయిలో దాని భద్రతను మళ్ళీ మదింపు చేయాలని ఆ నివేదిక సూచించింది. అదే నివేదికలో కోకిల బాగా పెరిగిన పక్షుల జాబితాలో ఉంది. నాకు ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన చదవడం కష్టమైంది. కోకిలకు కాకిగూడు, పండ్ల చెట్టు ఉంటే చాలు. అవి పట్నంలోనూ దొరుకుతాయి. అపార్ట్‌మెంటు బాల్కనీలో నిలబడి దాని పాట విని, వసంతం బాగానే ఉందనుకుంటాం. పురుగున్న నేల, తొర్ర ఉన్న మాను కావలసిన పిట్టల వసంతం ఎలా ఉందో ఆ బాల్కనీకి వినబడదు.

పొలాల్లో ఏం మారిందో కళ్ళముందే ఉంది. జేసీబీ వచ్చాక గట్లు సన్నబడ్డాయి. గట్టు మీది తంగేడు, రేగు, తుమ్మ పోయాయి. పత్తికి కొట్టే మందు పత్తి పురుగుతో ఆగలేదు. మిడతలు తగ్గిన చేను మీద పాలపిట్ట ఎంతసేపు కాపు కాస్తుంది? మరోపక్క, కందిలో శనగపచ్చ పురుగును అదుపు చేయడానికి ఎకరాకు 20 దాకా పక్షి స్థావరాలు పెట్టుకోమని వ్యవసాయ శాఖవాళ్ళే చెబుతుంటారు. అంటే చేన్లో పాతిన టీ ఆకారపు కర్రలు. వాటి మీద ముందుగా వాలేది నల్ల ఏట్రింత. పసుల పోలిగాడంటారే, బర్రెల వీపుల మీద స్వారీ చేస్తూ లేచిన పురుగునల్లా పట్టేది, అదే. కర్రలు పాతించుకునే మనం, అంతకన్నా గట్టి స్థావరాలైన గట్టు చెట్లను ఎందుకు నరుకుతున్నామో ఒకసారి ఆలోచించాలి.

పిట్టలన్నీ రైతుకు మేలే చేస్తాయని చెప్పను. జొన్న పాలకంకి మీద ఉన్నప్పుడు మా అవ్వ మంచె ఎక్కి, వడిసెల తిప్పి, గొంతు పోయేదాకా అరిచేది. చిలుకలు, పిచ్చుకలు, గోరింకలు పొద్దు పొడవకముందే దిగేవి. కావలికి మనుషులు దొరక్కపోవడం వల్ల జొన్న మానేశామనే రైతులు మా వైపు ఉన్నారు. వాళ్ళ నష్టం నిజం. ఆ లెక్కను ఒప్పుకుంటూనే, కందిచేనులో ఏట్రింత, పాలపిట్ట చేసే పనికి ఎవరూ లెక్క రాయడం లేదని కూడా చెప్పాలి.

హైదరాబాద్ సంస్థానం పక్షులను పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931లో మజిలీలు చేస్తూ తిరిగి నమోదు చేశారు. ఇప్పుడు ఆ పని చేనులో కూర్చుని ఎవరైనా కొంత చేయవచ్చు. ఫిబ్రవరి నడుమ, సరిగ్గా మోదుగ పూసే రోజుల్లో, నాలుగు రోజుల పాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపు జరుగుతుంది. 15 నిమిషాలు ఒకచోట నిలబడి, కనబడిన పిట్టల పేర్లు, సంఖ్య ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే చాలు. గొంతును బట్టి పిట్టను గుర్తించడానికి మెర్లిన్ అనే యాప్ ఉంది. బైనాక్యులర్ లేకపోయినా నష్టం లేదు. ఎండెక్కాక పశువుల తొట్టి దగ్గర చెట్టు నీడన కదలకుండా కూర్చోండి, పిట్టలే మీ దగ్గరికి వస్తాయి. తొట్టిలో నీటి పైకి తేలేలా ఒక బండరాయి పెట్టడం మరవొద్దు. చిన్న పిట్టలకు నిలబడి తాగే చోటు కావాలి.

వచ్చేవాటిని చూసే హడావుడిలో వెళ్ళేవాటిని గమనించం. కోసిన చేల మీద నేలకు బారెడెత్తున తేలుతూ తిరిగే పిల్లిగద్దలు చలికాలమంతా మిడతలు తిని, ఈ రోజుల్లోనే కజకిస్తాన్ వైపు పచ్చిక మైదానాలకు బయలుదేరుతాయి. తోక ఊపుతూ తిరిగే జిట్టంగులూ ఉత్తరానికి పోతాయి. వాటికి మన చేను చలికాలపు విడిది.

ఇక వేసవి దుక్కుల వేళకు తీతువు గుడ్లు పెట్టి ఉంటుంది. తీతువు కూస్తే చావు కబురని భయపడే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అది అరిచేది తన గుడ్ల కోసం. గూడంటూ ఏమీ కట్టదు. బీటనేల మీద చిన్న గుంత, చుట్టూ నాలుగు రాళ్ళు, మట్టిరంగు మీద నల్ల మచ్చలున్న నాలుగు గుడ్లు. రెండడుగుల దూరం నుంచి కూడా మట్టిపెడ్డలనే అనుకుంటాం. ఎండ ముదిరితే తల్లి పోయి పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొని వచ్చి గుడ్లకు చల్లదనం ఇస్తుంది. ట్రాక్టర్ మీద కూర్చున్నవాడికి ఇవేవీ కనబడవు. అందుకే దుక్కికి ముందు మేము చేను ఒకసారి నడిచి చూస్తాం. తీతువు ఎక్కడ తలమీదికి దూకి గోల చేస్తే అక్కడే ఎక్కడో గుడ్లు ఉన్నట్టు. దూరంగా జరిగి, అది తిరిగి వచ్చి కూర్చునే చోటు గుర్తుపెట్టుకుని, పక్కన పాతగుడ్డ కట్టిన కర్ర పాతుతాం. ట్రాక్టర్ నడిపే పిల్లాడికి ఇప్పుడు అలవాటైపోయింది. కర్ర దగ్గరికి రాగానే కల్టివేటర్ ఎత్తి, చుట్టూ తిప్పుకుని పోతాడు. మంచమంత నేల దున్నకుండా మిగులుతుంది. మొదటి వానకు ముందు పిల్లలు లేచిపోయాక దాన్నీ దున్నుతాం.