పండుగ నాడు జబ్బుకు సెలవు ఉండదు



మన దేశంలో ఏడాది పొడవునా ఏదో ఒక పండుగ ఉంటూనే ఉంటుంది. సంక్రాంతి, ఉగాది, రంజాన్, ఈస్టర్, వినాయక చవితి, దసరా, బతుకమ్మ, దీపావళి, క్రిస్మస్ ఇలా ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు అన్ని మతాల వారూ వెళ్ళి స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకుంటారు. బెజవాడ గుణదల మాత ఉత్సవాలకు కూడా అంతే, క్రైస్తవులే గాక ఇతరులు కూడా నడిచి వస్తారు. ఇది మన దేశానికి దేవుడిచ్చిన వరం. అయితే పండుగ వెళ్ళిన మరునాడు మా క్యాజువాలిటీలో మేము చూసే కొన్ని సంగతులు మీతో చెప్పవలసి ఉంది.

ఒక సంక్రాంతికి జరిగినది చెబుతాము. యాభై అయిదేళ్ళు దాటిన ఒక రైతుకు భోగి రాత్రి ఛాతీలో బరువుగా అనిపించి చెమటలు పట్టాయి. గారెలు, మాంసం తిన్నాడు కదా, గ్యాస్ అనుకొని సోడా తాగించారు. మరునాడు కూడా నొప్పి తగ్గలేదు. కూతుళ్ళు, అల్లుళ్ళు వచ్చి ఉన్నారు. "పండుగ పూట ఆసుపత్రి ఏమిటి? కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ముక్కనుమ వెళ్ళాక చూద్దాం" అన్నారు. మా వద్దకు తెచ్చేసరికి మూడు రోజులు గడిచాయి. ఈసీజీ తీస్తే అది గుండెపోటు. ప్రాణం దక్కింది గాని గుండె కండరం చాలా భాగం దెబ్బతిన్నది. ఇప్పుడు ఆయన పొలం గట్టు మీద పది అడుగులు వేస్తే ఆయాసపడుతున్నాడు. మొదటి రాత్రే వచ్చి ఉంటే ఆ కండరంలో చాలా భాగాన్ని కాపాడే అవకాశం ఉండేది.

గుండెపోటుకు, పక్షవాతానికి వైద్యం గంటల లెక్కన జరుగుతుంది. మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. పండుగ భోజనం అయ్యాక వెళ్దాం అనుకుంటే ఆ సమయం కాస్తా అయిపోతుంది. ఛాతీలో బరువు, చెమటలు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి ఎత్తలేకపోవడం, మాట ముద్దగా రావడం వంటివి కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయండి. ఏ పండుగైనా సరే ఆగవద్దు.

పిండివంటలు, షుగరు

సంక్రాంతి అంటే అరిసెలు. కొత్త బియ్యం పిండి, బెల్లం పాకం, నెయ్యి కలిపి చేసేవి. "పంచదార కాదు, బెల్లమే కదా" అని షుగరు ఉన్నవారు నాలుగైదు తింటారు. బెల్లం కూడా రక్తంలో చక్కెరను పంచదార లాగే పెంచుతుంది. ఒక అరిసె రుచి చూడండి, ఆ పూట అన్నం తగ్గించండి. మాత్ర మాత్రం మానవద్దు. బీపీ ఉన్నవారు ఆవకాయ, అప్పడాలు, కారప్పూస దగ్గర చెయ్యి పట్టుకోవాలి, వాటిలో ఉప్పు ఎక్కువ.

ఉపవాసాలు

రంజాన్ నెలలో ముస్లిం సోదరులు తెల్లవారుజాము నుండి సూర్యాస్తమయం వరకు నీళ్ళు కూడా ముట్టరు. శివరాత్రికి, ఏకాదశికి హిందువులు, శ్రమకాలంలోను గుడ్ ఫ్రైడే నాడు మన సంఘస్తులు ఉపవాసం ఉంటారు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఖాళీ కడుపుతో పాత మోతాదే తీసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అలాగని సొంతంగా మానేస్తే విపరీతంగా పెరగవచ్చు. కనుక ఉపవాసానికి రెండు వారాల ముందే డాక్టరును కలిసి మోతాదు, వేళలు మార్పించుకోవాలి. వణుకు, చెమటలు, కళ్ళు తిరగడం, మాట తడబడడం కనిపిస్తే అప్పుడే ఉపవాసం విరమించి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. రోగులకు ఉపవాసం నుండి మినహాయింపు ఖురానులోనే ఉంది. మన దేవుడు కూడా రోగి నుండి ఆకలిని కోరడు.

దీపావళి

ఏటా దీపావళికి చేతులు, కళ్ళు కాలిన పిల్లలు వస్తారు. చాలామంది గాయం మీద టూత్‌పేస్టు, సిరా, పసుపు పూసి తెస్తారు. అవి కడగడానికే బిడ్డ మళ్ళీ నరకయాతన పడాలి. కాలిన వెంటనే ఇరవై నిమిషాల పాటు కుళాయి నీటి ధార కింద పెట్టండి. ఐసు వద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీయండి. అంటుకుపోయిన బట్టను లాగవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి. టపాసులు కాల్చేటప్పుడు నూలు బట్టలు వేయండి, పక్కన బకెట్టు నీళ్ళు ఉంచండి, పేలని బాంబు దగ్గరకు మళ్ళీ వెళ్ళనీయవద్దు.

జాతీయ పండుగలు

స్వాతంత్ర్యం వచ్చిన ఆగస్టు 15, 1950లో రాజ్యాంగం అమలుకు వచ్చిన జనవరి 26, గాంధీ గారు పుట్టిన అక్టోబరు 2 ఈ మూడూ జాతీయ సెలవులు. ఆగస్టు 15, జనవరి 26 తేదీల్లో ఉదయాన్నే మా ఆవరణలో జెండా ఎగురవేసి, నర్సింగు విద్యార్థినులు జాతీయ గీతం పాడి, వార్డుల్లో పిల్లలకు మిఠాయిలు పంచుతాము. ఆ రోజుల్లో ఓపీ ఉండదు గాని క్యాజువాలిటీ, కాన్పుల గది రాత్రింబవళ్ళు తెరిచే ఉంటాయి.

ఈ రోజుల్లో మద్యం దుకాణాలు మూస్తారు. అది మంచిదే. కాని ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవారికి ఒక్కసారిగా మందు అందకపోతే చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనిపించడం మొదలుకావచ్చు. అది దయ్యం కాదు. ప్రాణాపాయం కలిగించగల స్థితి, దానికి మందులున్నాయి. వెంటనే తీసుకురండి. ఆ తాగుడు శాశ్వతంగా మాన్పించడానికి కూడా అదే మంచి సమయం.

క్రిస్మస్

మన పండుగ మాట కూడా చెప్పాలి. కేరల్స్‌కని రాత్రంతా మంచులో తిరిగి ఉబ్బసం తెచ్చుకునేవారు ఉన్నారు. సొంత ఊరికి వెళ్తూ క్షయ మందులు ఇంట్లో మరచేవారూ ఉన్నారు. క్షయ మందులు రోజూ వేసుకోవాలి, మధ్యలో మానితే జబ్బు మొండికెత్తుతుంది. కొత్త బట్టలు సర్దుకునేటప్పుడే మందుల కవరు, ఓపీ చీటీ సంచిలో వేసుకోండి. పండుగకు వారం ముందే నెలకు సరిపడా మందులు తెచ్చుకోండి.

లూకా సువార్త 13వ అధ్యాయంలో పద్దెనిమిది సంవత్సరాలు నడుము వంగిపోయిన స్త్రీని ప్రభువు విశ్రాంతి దినమున స్వస్థపరచిన సంగతి మనకు తెలుసు. మిగతా ఆరు రోజుల్లో వచ్చి స్వస్థత పొందవచ్చు కదా అని సమాజమందిరపు అధికారి కోప్పడ్డాడు. విశ్రాంతి దినమైనా ఎద్దును, గాడిదను కట్టువిప్పి నీళ్ళకు తోలుకొని పోరా అని ప్రభువు అడిగాడు. మన ఊళ్ళలో కనుమ నాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మొదట వాటికే మేత పెడతాము. పండుగ కదా అని గొడ్డును దాహంతో కట్టివేయము. మరి ఇంట్లో ఛాతీ పట్టుకొని కూర్చున్న నాన్నను రేపటిదాకా ఎందుకు ఆపాలి?

పండుగ నాడు ఆసుపత్రి మెట్లు ఎక్కడం అశుభం కాదు. ఆ రోజు కూడా మా డ్యూటీ డాక్టరు, సిస్టర్లు మీ కోసం మేలుకొని ఉంటారు. వచ్చే పండుగను మీ ఇంటిల్లిపాదీ ఆరోగ్యంగా కలిసి జరుపుకొనునట్లు దేవుడు మిమ్మును దీవించునుగాక.