పల్లె మహిళే గురువు

మహిళా సాధికారత పేరుతో విదేశీ విద్యార్థులు ఏటా మన దేశానికీ, ఆసియా, ఆఫ్రికాల్లోని మరెన్నో దేశాలకూ ఇంటర్న్‌షిప్పుల కోసం వస్తున్నారు. ఆ రాకపోకల వల్ల ఎవరికి మేలు జరుగుతోంది? ఆతిథ్యమిచ్చే ఆడవాళ్లకూ మేలు జరగాలంటే ఏం మారాలి?

వేసవి సెలవులు దగ్గరపడగానే అమెరికా, ఐరోపా విశ్వవిద్యాలయాల్లో ఒక తరహా ప్రకటనలు కనిపిస్తాయి. భారత్, నేపాల్, ఘనా, టాంజానియా... ఏదో ఒక దేశం పేరు, ఆరు వారాలో ఎనిమిది వారాలో గడువు, ‘మహిళా సాధికారత ఇంటర్న్‌షిప్’ అన్న మాట. విమాన టికెట్టు విద్యార్థే కొనుక్కోవాలి, చాలాచోట్ల ఏర్పాట్లు చేసే కంపెనీకి ఫీజు కూడా కట్టాలి. 2018-19 విద్యాసంవత్సరంలో అమెరికా నుంచి చదువు కోసం విదేశాలకు వెళ్లొచ్చిన విద్యార్థులు దాదాపు 3.47 లక్షల మంది. వాళ్లలో మూడింట రెండు వంతులు అమ్మాయిలే. ఇంటర్న్‌షిప్పులకు వెళ్లేవాళ్లు అందులో కొంతభాగమే అయినా, ఇరవై ఏళ్ల అమ్మాయి దేశం దాటి వెళ్లి సాటి ఆడవాళ్ల కష్టసుఖాలు తెలుసుకోవాలనుకోవడం మంచి కోరిక. దాన్ని తక్కువ చేయకూడదు.

కానీ మంచి కోరిక ఉన్నంత మాత్రాన మంచి ఏర్పాటు ఉన్నట్టు కాదు. ఇంటర్న్ అంటే పని నేర్చుకునే మనిషి. ఆస్పత్రిలో చేరిన ఇంటర్న్ డాక్టరు దగ్గర నేర్చుకుంటాడు, కోర్టుకు వెళ్లిన లా విద్యార్థి సీనియరు వెనక తిరుగుతాడు. మహిళా సంఘానికి వచ్చిన విద్యార్థిని మాత్రం, వచ్చిన రోజు నుంచే నేర్పే మనిషిగా కుర్చీలో కూర్చోబెడుతున్నారు. ఇరవై ఏళ్లుగా సంఘాన్ని నడిపిన నాయకురాలు సాయం అందుకునే మనిషిగా చాప మీద కూర్చుంటుంది. అన్ని చిక్కులకూ మూలం ఈ తారుమారే. విదేశీ విద్యార్థులు తప్పకుండా రావాలి. అయితే శిష్యులుగా రావాలి. సంఘం మహిళను గురువుగా గుర్తించి, ఆ గౌరవానికి తగిన అధికారాన్నీ, ప్రతిఫలాన్నీ ఆమె చేతికివ్వాలి.

1968 నాటి హెచ్చరిక

ఈ చర్చ కొత్తదేమీ కాదు. 1968లో, మెక్సికో పల్లెలకు సేవ చేయడానికి సిద్ధమవుతున్న అమెరికా విద్యార్థుల సభలో ఇవాన్ ఇలిచ్ అనే మతాచార్యుడు, సామాజిక తత్వవేత్త చేసిన ప్రసంగం నేటికీ విశ్వవిద్యాలయాల్లో పాఠ్యాంశం. భాష రాని, ఊరు తెలియని, కొన్ని వారాల్లో వెళ్లిపోయే మనిషి చేసే సేవ ఆ ఊరికి భారమేనని ఆయన వాదించాడు. చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం రావద్దని తేల్చి చెప్పాడు. ఆ మాటల్లో కరకుతనం ఉంది. సేవాభావంతో వచ్చినవాళ్లలో కొందరైనా అక్కడ నిజంగా నేర్చుకుని, జీవితాంతం ఆ పనికే అంకితమయ్యే అవకాశాన్ని ఆయన తగినంతగా లెక్కలోకి తీసుకోలేదు. అయినా ఆయన లేవనెత్తిన మూల ప్రశ్నకు ఇంటర్న్‌షిప్పుల నిర్వాహకులు ఇంకా సరైన జవాబు చెప్పలేదు.

ఆ ప్రశ్న బరువు తెలియాలంటే మన పల్లెలో ఒక పొదుపు సంఘం సమావేశాన్ని దగ్గర్నుంచి చూస్తే చాలు. పదిమందో పన్నెండుమందో గుండ్రంగా కూర్చుంటారు. హాజరు, పొదుపు, వాయిదాల వసూలు అయ్యాక అసలు చర్చ మొదలవుతుంది. సంఘం దగ్గరున్న డబ్బు ముందు ఎవరికివ్వాలి? ఒకరింట్లో కూతురి కాన్పు, ఇంకొకరికి గేదె కొనాలి, మరొకరికి విత్తనాల ఖర్చు. వాయిదా తేలేకపోయిన సభ్యురాలు తలవంచుకుని కూర్చుంటే, ఆ డబ్బు ఎటు పోయిందో ఆమె నోరు విప్పకముందే మిగతావాళ్లకు తెలుసు. నిలదీయాలా, ఈ నెలకు ఊరుకోవాలా అన్నది లీడరు అక్కడికక్కడే తేల్చుకోవాలి. చివరికి తీర్మానాల పుస్తకంలో రాసి అందరూ సంతకాలు పెడతారు. సాధికారత అని మనం పిలిచేదంతా ఈ గంటసేపటి బేరసారాల్లో ఉంది. ఎనిమిది వారాల కోసం వచ్చిన విద్యార్థి ఇందులో నేర్పగలిగింది దాదాపు ఏమీ లేదు. నేర్చుకోవాల్సింది మాత్రం కొండంత.

ఎవరు ఎవరికి పాఠం చెప్పారు?

తెలుగు నేల చరిత్ర ఈ మాటకు గట్టి సాక్ష్యం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తుండగా, రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు పలకల మీది అక్షరాలతో పాటు తమ ఇళ్లను గుల్ల చేస్తున్న సారా గురించీ మాట్లాడుకున్నారు. దూబగుంటలో రోశమ్మ లాంటి మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. చదువుకున్న కార్యకర్తలు చేసిన గొప్ప పని, ఆ మహిళల విజయాన్ని వాచకంలో పాఠంగా పెట్టి ఊరూరికీ చేర్చడం. ఉద్యమం రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రంలో సారాను నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ నిషేధాన్ని 1997లో సడలించారు కానీ, ఆ మహిళలు నేర్పిన పాఠం చెరిగిపోలేదు. పోరాటం వాళ్లది, దాన్ని అక్షరబద్ధం చేసిన చేయి చదువుకున్నవాళ్లది. బయటి మనిషి చేయగలిగే సాయానికి ఇంతకన్నా మంచి కొలమానం లేదు.

ఆ హద్దు దాటి, బయటివాళ్ల నమ్మకమే సత్యమని అనుకున్నప్పుడు ఏమవుతుందో సూక్ష్మరుణాల ఉదంతం చెబుతుంది. 2006లో బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకుకూ, మహమ్మద్ యూనుస్‌కూ నోబెల్ శాంతి బహుమతి వచ్చాక, ఆడవాళ్ల చేతికి చిన్న అప్పు అందితే చాలు సాధికారత వచ్చేస్తుందన్న నమ్మకం ప్రపంచమంతా పాకింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు హైదరాబాద్‌లోని 104 బస్తీల్లో ఆ నమ్మకాన్ని పరీక్షించారు. 2015లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంటి నిర్ణయాల్లో ఆడవాళ్ల మాటకు దక్కే విలువలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అంతకుముందే, 2010లో, వాయిదాల వసూళ్ల వేధింపులూ ఆత్మహత్యలూ ఉమ్మడి రాష్ట్రాన్ని కుదిపేయడంతో ప్రభుత్వం ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. విద్యార్థులకు ఇందులో ఉన్న పాఠం స్పష్టం. సాధికారత కథను నమ్మించడం కన్నా, ఓపిగ్గా లెక్కగట్టి నిజానిజాలు తేల్చడమే ఆడవాళ్లకు ఎక్కువ ఉపకారం.

దారి చూపిన ప్రయోగాలు

శిష్యరికం సాధ్యమేనని చూపిన చోట్లు మన దేశంలోనే ఉన్నాయి. ఇళా భట్ 1972లో అహ్మదాబాద్‌లో స్థాపించిన స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవా’ వాటిలో మొదటిది. 1974లో నాలుగు వేల మంది సభ్యులు తలా పది రూపాయల వాటాతో బ్యాంకు పెట్టుకోబోతే, సంతకం రానివాళ్లు బ్యాంకేమి నడుపుతారన్న అనుమానం అధికారుల నుంచి వచ్చింది. ఆ మహిళలు రాత్రంతా కూర్చుని సంతకాలు నేర్చుకుని వచ్చారు. అలాంటి సంస్థ బయటివాళ్లను ఆహ్వానించే తీరూ వేరుగా ఉంటుంది. జర్మనీకి చెందిన కార్ల్ ఓస్నర్ రూపొందించిన పద్ధతిలో, వచ్చినవాళ్లు బీడీలు చుట్టే మనిషి ఇంట్లోనో కూరగాయలమ్మే మనిషి ఇంట్లోనో బస చేసి, పనిలో చేయి వేసి, ఆ తర్వాతే చర్చకు కూర్చుంటారు. 2004లో పేరున్న ఆర్థికవేత్తలు సైతం ఈ దారిలోనే వెళ్లారు. కనీస వేతనం పెంచితే ఉపాధి తగ్గుతుందా అన్న వాదనను, గదిలో కూర్చుని కాకుండా, ఆ కూలి మీద బతికే మనుషుల్ని చూసొచ్చి చేశారు. ప్రొఫెసర్లకు తగిన పద్ధతి డిగ్రీ విద్యార్థికి తగదా?

రెండో ఉదాహరణ మన ఊళ్లదే. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలైనప్పుడు దాని రూపకల్పనలో తెలుగు సంఘాల అనుభవానికి పెద్దపీట వేశారు. మన పల్లెల నుంచి కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు, అంటే అప్పు తీసుకుని, తీర్చి, సంఘాన్ని నిలబెట్టి చూపిన మామూలు ఆడవాళ్లు, ఇతర రాష్ట్రాలకు వెళ్లి అక్కడి పల్లెల్లో రోజుల తరబడి ఉండి సంఘాలు కట్టించారు. అక్కడా వీళ్లు పరాయివాళ్లే, భాషా వేరే. అయినా పని జరిగింది, ఎందుకంటే వాళ్లు చెప్పేది వాళ్లు బతికి చూసినదే. చేసిన పనికి గౌరవ వేతనమూ అందింది. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ మరో అడుగు ముందుకేసింది. ఆఫ్రికా పల్లెల నుంచి వచ్చిన అమ్మమ్మల వయసు ఆడవాళ్లు ఆరు నెలలుండి సోలార్ దీపాల తయారీ, మరమ్మతు నేర్చుకున్నారు. వాళ్లకు నేర్పినవాళ్లలో బడి మొహం పెద్దగా చూడని పల్లె మహిళలున్నారు. రంగుల గుర్తులూ, చేతి సైగలే వాళ్ల భాష. మహిళా సాధికారత కోసం దేశం దాటడం అంటే ఇదీ అని చూపించాల్సింది ఇలాంటి ప్రయాణాలనే.

అభ్యంతరాలకు జవాబులు

సంస్థలే ఇంటర్న్‌లను అడుగుతున్నాయి కదా, మధ్యలో మనకెందుకు అభ్యంతరం అనే వాదన ఉంది. అడుగుతున్న మాట నిజమే. అయితే విరాళాలిచ్చే దేశం నుంచి వచ్చే విద్యార్థిని వద్దనడం చిన్న సంస్థకు తేలిక కాదు. పైగా ఆతిథ్యానికయ్యే ఖర్చు ఎవరి పుస్తకంలోనూ ఎక్కదు. దుబాసీగా తిరిగే కార్యకర్త పని దినాలు, వాహనం, బస, రాత్రిపూట అమ్మాయి క్షేమం చూసుకునే బాధ్యత, ఇంటర్వ్యూ కోసం కూలి మానుకుని కూర్చున్న మహిళ పోగొట్టుకున్న దినకూలి, అన్నీ సంఘం నెత్తినే పడతాయి. ఇన్నీ లెక్కగట్టాక కూడా సంస్థ రమ్మంటే సంతోషం. లెక్కగట్టకుండా సరేనన్నదాన్ని ఇష్టంగా ఒప్పుకున్నట్టు భావించలేం.

ఫొటోలు, వీడియోలు, వెబ్‌సైట్లతో ఆ మహిళల గొంతు ప్రపంచానికి వినిపిస్తున్నారు కదా అని మరికొందరంటారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు కెమెరా పట్టి సినిమాలు తీశారు, మాచ్‌నూరులో 2008 అక్టోబరు నుంచి సొంత రేడియో నడిపారు. బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో చిరుధాన్యాల విత్తనాలు దాచే తమ నేర్పును తమ యాసలోనే చెప్పుకున్నారు. గొంతు వాళ్లకు ముందునుంచే ఉంది. కావాల్సిందల్లా పరికరాలు, శిక్షణ, వినే చెవులు. ఈ మూడింట్లో చివరిది విద్యార్థి ఇవ్వగలడు.

మూడో అభ్యంతరం మరింత బలమైనది. సంఘానికి పెద్దగా ఒరగకపోయినా ఆ విద్యార్థి మారుతుంది, రేపు ఆమే విధానాలు రాసే అధికారి అవుతుంది, ఆ మేలును తీసిపారేయగలమా అంటారు. తీసిపారేయలేం. అలాంటి స్నేహాల విలువకు రుజువు ఉంది. ఇంట్లోనే బీడీలు చుట్టి, కుట్లు కుట్టి బతికే శ్రామికుల కోసం 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒప్పందాన్ని ఆమోదించిందంటే, సేవా లాంటి సంఘాల పోరాటానికి విదేశీ యూనియన్లూ పరిశోధకులూ లెక్కలతో, ఓట్లతో తోడు నిలవడమూ ఒక కారణం. ఆ ఒప్పందాన్ని మన దేశం నేటికీ ధ్రువీకరించలేదు, పని ఇంకా మిగిలే ఉంది. కాబట్టి విద్యార్థి మార్పే అసలు ఫలితమైతే, దాన్ని నిజాయతీగా చదువు అనే పిలవాలి. చదువు చెప్పినందుకు ప్రొఫెసరుకు జీతమిచ్చే విశ్వవిద్యాలయం, అదే చదువు చెప్పిన సంఘం మహిళకు శాలువా కప్పి, ఫొటో దిగి సరిపెట్టకూడదు.

షరతులు పెరిగితే ఖర్చు పెరిగి పేద విద్యార్థులు దూరమవుతారన్నది నాలుగో అభ్యంతరం. వాళ్లు ఇప్పటికే దూరంగా ఉన్నారు. 2015లో ఐక్యరాజ్యసమితిలో జీతం లేని ఇంటర్న్‌గా చేరిన న్యూజిలాండ్ యువకుడు జెనీవాలో గుడారంలో ఉన్న సంగతి ప్రపంచమంతా చూసింది. ఖర్చు విద్యార్థి జేబు మీద వేసినంతకాలం కలిగినవాళ్లే వెళ్తారు. ఆ భారాన్ని విశ్వవిద్యాలయం, దాతలు మోసే ఉపకార వేతనాలు రావాలి. తక్కువమంది వెళ్లినా, ఎక్కువ కాలం ఉండేలా, భాష నేర్చుకుని వెళ్లేలా చూడాలి.

ఒప్పందంలో ఉండాల్సినవి

చేయాల్సినవి ఆచరణకు అందనివేమీ కావు. ఏ పనికి ఎవరు కావాలో సంఘమే రాసి పంపాలి. సరిపడని దరఖాస్తును తిప్పి పంపే హక్కు దానికి ఉండాలి. నేర్పిన మహిళలకు రోజుకింత అని పారితోషికం ముందే నిర్ణయించాలి. విద్యార్థి పనికి మార్కులు వేసేవాళ్లలో సంఘం ప్రతినిధి ఉండాలి. రాసిన నివేదిక స్థానిక భాషలో సంఘానికి చదివి వినిపించాకే విశ్వవిద్యాలయానికి చేరాలి. ప్రతి విదేశీ విద్యార్థికీ తోడుగా ఇక్కడి విద్యార్థిని ఒకరుండాలి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో ఇంటర్న్‌షిప్పులనూ, సమాజ సేవా ప్రాజెక్టులనూ తప్పనిసరి చేశారు కాబట్టి ఇక్కడ జోడీ కుదర్చడం కష్టం కాదు. ఆ అమ్మాయికీ మరుసటి ఏడాది అవతలి దేశానికి వెళ్లే అవకాశం ఉంటేనే దాన్ని ఇచ్చిపుచ్చుకోవడం అనగలం.

అమెరికాలోని తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ విషయంలో ప్రత్యేక బాధ్యత ఉంది. ఎంతో కొంత భాష వచ్చు, ఊరితో బంధుత్వం ఉంది. సెలవుల్లో సొంతూరికి వచ్చి ఏదైనా చేయాలనుకునే పిల్లలు కుట్టు మిషన్ల పంపిణీతో ఆగిపోకుండా, సంఘం లెక్కల పుస్తకం రాయడం నేర్చుకోవచ్చు. సంఘం మహిళ కుట్టిన జాకెట్టుకూ, పండించిన కొర్రలకూ గిట్టుబాటు ధర ఎందుకు రావడం లేదో ఆరా తీయవచ్చు. తిరిగి వెళ్లాక, ఇలాంటి సరుకు కొనే తమ దేశపు కంపెనీలను, చట్టాలు చేసే తమ ప్రతినిధులను అదే ప్రశ్న అడగవచ్చు. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ మీద సంఘం అధ్యక్షురాలి సంతకం విశ్వవిద్యాలయం సంతకంతో సమానంగా చెల్లాలి. అందుకు ఒప్పుకోని కార్యక్రమాన్ని మన సంస్థలు మర్యాదగా వద్దనాలి. ఒప్పుకున్నవాళ్లకు మన ఊళ్ల తలుపులు ఏడాది పొడవునా తెరిచే ఉంచుదాం.