నానక్‌రామ్‌గూడ కిటికీ దగ్గర ఏం అడుగుతారు?

థర్డ్ ఇయర్ మొదలయ్యేసరికి మన హాస్టల్‌లో రెండే టాపిక్స్. ఒకటి ప్లేస్‌మెంట్స్, రెండోది ఎమ్మెస్. ఎమ్మెస్ అనగానే జీఆర్‌ఈ గురించి గంటలు గంటలు మాట్లాడే సీనియర్లు వీసా ఇంటర్వ్యూ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "లక్కు రా, అంతా లక్కు" అని తేల్చేస్తారు. లక్కు కొంత ఉందేమో, కాదనను. కానీ అక్కడ ఏం జరుగుతుందో, ఎందుకలా జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. పోయినేడాది మా పెదనాన్న గారి అమ్మాయికి ఇంటర్వ్యూ అయినప్పుడు గంపలగూడెం నుంచి మధిర, మధిర నుంచి ట్రైన్‌లో హైదరాబాద్ తోడు వెళ్ళింది నేనే. కాన్సులేట్ లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు కాబట్టి అక్క ఫోన్ పట్టుకుని బయట నిలబడే ఉద్యోగం నాది. అప్పుడు తెలుసుకున్నవి, తర్వాత చదివినవి కలిపి రాస్తున్నాను.

ముందు అడ్రస్ సంగతి. 2008 దాకా మనవాళ్ళు అమెరికా వీసాకి చెన్నై వెళ్ళేవాళ్ళు. ఆ ఏడాది హైదరాబాద్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచారు. 2023 మార్చిలో అక్కడి నుంచి నానక్‌రామ్‌గూడలో కట్టిన కొత్త బిల్డింగ్‌కి మారింది. పాత వీడియోలు చూసి బేగంపేట వెళ్ళకండి. ఇంకోటి, వెళ్ళాల్సింది రెండు చోట్లకి. మొదట హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఉన్న అప్లికేషన్ సెంటర్‌లో వేలిముద్రలు, ఫోటో. దానికో అపాయింట్‌మెంట్. ఇంటర్వ్యూకి వేరే అపాయింట్‌మెంట్, కాన్సులేట్‌లో.

అక్కడిదాకా రావడానికే ఖర్చుంది. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 వచ్చాక సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా అప్లికేషన్ ఫీజు 185 డాలర్లు. రెండోది మన లెక్కలో 16 వేలు దాకా అవుతుంది, వీసా రాకపోయినా వెనక్కి రాదు.

డీఎస్-160 అనే ఆన్‌లైన్ ఫారం ఉంటుంది. చాలామంది దాన్ని కన్సల్టెన్సీ వాళ్ళ చేతిలో పెట్టేసి మర్చిపోతారు. ఆఫీసర్ స్క్రీన్ మీద కనిపించేది ఆ ఫారమే. అందులో నాన్న వృత్తి 'బిజినెస్' అని ఉండి, మీరు కిటికీ దగ్గర 'రైతు' అన్నారనుకోండి, రెండూ నిజమే అయినా ఇరుక్కుంటారు. గత ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా అకౌంట్ల పేర్లు కూడా అందులో రాయాలి. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకి అప్లై చేసేవాళ్ళు ఆ అకౌంట్లను పబ్లిక్‌లో పెట్టుకోమంటున్నారు. ఇన్‌స్టాలో ఫ్రెండ్స్‌తో వేసిన కుళ్ళు జోకుల గురించి భయపడేకంటే, ఏదైనా అకౌంట్ పేరు రాయకుండా వదిలేశామా అని చూసుకోవడం మేలు.

ఇక ఇంటర్వ్యూ. పేరుకే ఇంటర్వ్యూ. కుర్చీ, టేబుల్, టీ ఏమీ ఉండవు. బ్యాంకు కౌంటర్ లాంటి కిటికీ, మధ్యలో మందపాటి అద్దం, మైకు. మీరు నిలబడే మాట్లాడాలి. వెనకాల లైన్లో ఉన్నవాళ్ళకి మీ మాటలు కొన్ని వినబడతాయి కూడా. మొత్తం రెండు మూడు నిమిషాలు. అక్క మోసుకెళ్ళిన ఫైలు నాలుగు అంగుళాల మందం ఉంది. ఆఫీసర్ అడిగింది పాస్‌పోర్టు, ఐ-20 మాత్రమే.

రెండు నిమిషాల్లో ఒక మనిషి గురించి ఏం తెలుస్తుంది అని నాకూ కోపం వచ్చింది. తర్వాత వాళ్ళ చట్టం గురించి చదివితే లాజిక్ అర్థమైంది. 1952 నాటి ఇమ్మిగ్రేషన్ అండ్ నేషనాలిటీ యాక్ట్‌లో 214(బి) అనే సెక్షన్ ఉంది. కోర్టులో అయితే నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషి. ఇక్కడ తిరగేసి ఉంటుంది. వీసా అడిగిన ప్రతి ఒక్కరూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారనే ఆఫీసర్ అనుకోవాలి, కాదని మీరే ఒప్పించాలి. మన భాషలో చెప్పాలంటే డిఫాల్ట్ వాల్యూ 'నో'. మీ జవాబులే దాన్ని మార్చాలి. ఆఫీసర్ ముఖం గంటుగా ఉందంటే మీ మీద కోపం అని కాదు, ప్రోగ్రామ్ అక్కడి నుంచి మొదలవుతుంది అంతే.

స్టూడెంట్ వీసాకి తేల్చాల్సినవి ముఖ్యంగా మూడు. నిజంగా చదవడానికే వెళ్తున్నావా, డబ్బు ఎక్కడిది, చదువయ్యాక ఏం చేస్తావు. ఈ యూనివర్సిటీయే ఎందుకు, ఇంకెక్కడ అడ్మిట్ వచ్చింది, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా, ఎవరు చదివిస్తున్నారు, నాన్న ఏం చేస్తారు... అడిగేవన్నీ ఆ మూడింటికి పిల్లలే.

మన ఊళ్ళ పిల్లలు ఎక్కువగా తడబడేది డబ్బు ప్రశ్న దగ్గర అని నా లెక్క. పెదనాన్నకి మామిడి తోట, కొంత పత్తి. చాలా బ్యాంకులు ఎడ్యుకేషన్ లోన్‌కి వ్యవసాయ భూమిని తనఖాగా తీసుకోవు. ఎకరాలున్నా, పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్నా అంతే. చివరికి తిరువూరులో ఉన్న ఇంటి స్థలం బ్యాంకులో పెట్టారు. ఆ స్థలం నిజానికి ఎవరి పెళ్ళి కోసం ఉంచారో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

మొదటిసారి ఇంటర్వ్యూకి ముందు అక్క ఒక కన్సల్టెన్సీకి వెళ్ళింది. పేరెందుకులెండి. వాళ్ళు నలభై ప్రశ్నలకి జవాబులు ప్రింట్ తీసి ఇచ్చి బట్టీ పట్టమన్నారు. నాన్న ఏం చేస్తారంటే ఒక లైను, ఆదాయం ఎంతంటే ఒక అంకె. ఆఫీసర్ "పంట ఏడాదికోసారే కదా, మిగతా నెలలు ఇల్లెలా గడుస్తుంది?" అని అడిగాడట. అది ఆ నలభైలో లేదు. అక్క మళ్ళీ ఆ అంకే చెప్పింది. పాస్‌పోర్టు, దాంతోపాటు 214(బి) కాగితం చేతికిచ్చి థాంక్యూ అన్నాడు. గేటు దాటి వచ్చాక తను ఏడవలేదు. "ఫోన్ ఇవ్వు, నాన్నకి చెప్పాలి" అంది, పది నిమిషాల దాకా డయల్ చెయ్యలేదు.

ఊరొచ్చాక జరిగిందే నాకు నచ్చింది. అక్క పెదనాన్నతో కూర్చుని అసలు మన ఇల్లెలా నడుస్తుందో మొదటిసారి అడిగింది. కాపు మీద ఉండగానే తోట వ్యాపారికి గుత్తకి ఇచ్చేస్తారని, ఆ డబ్బు ఒక్కసారే వస్తుందని, పత్తి డబ్బు వేరే టైముకి వస్తుందని, పాల డబ్బులతో నెల ఖర్చు గడుస్తుందని చెప్పారు. ఇంగ్లీష్ మీడియంలో పద్నాలుగేళ్ళు చదివిన మాకు 'గుత్త' అనే మాటకి ఇంగ్లీషులో ఏమనాలో తెలీలేదు! మాటకి మాట వెతక్కుండా, జరిగేది జరిగినట్టు చెప్తే చాలని తనే నిర్ణయించుకుంది. మళ్ళీ ఫీజు, మళ్ళీ స్లాట్, మళ్ళీ మధిర ట్రైన్. ఈసారి వీసా వచ్చింది. జవాబు మారినందుకే వచ్చిందని నేను రాయలేను, ఆఫీసర్ కూడా మారాడు కాబట్టి. కానీ తను ఈసారి వణక్కుండా మాట్లాడిందట. తెలిసిన విషయం మాట్లాడితే ఎవరికైనా అంతే.

రిజెక్ట్ అయితే అప్పీల్ ఉండదు. మళ్ళీ అప్లై చేసుకోవచ్చు, దానికి నిషేధం లేదు. 221(జి) అని కాగితం ఇస్తే మాత్రం కంగారు పడొద్దు. ఇంకేవో పత్రాలు కావాలనో, ఇంకా పరిశీలించాలనో దాని అర్థం. కొందరికి త్వరగా తేలుతుంది, కొందరికి సెమిస్టర్ దాటిపోతుంది.

"చదువయ్యాక ఏం చేస్తావు?" అన్నదానికి జవాబు కష్టం, ఎందుకంటే నిజం కూడా మెలికగా ఉంది. కంప్యూటర్స్ చదివినవాళ్ళకి ఓపీటీ కింద పన్నెండు నెలలు, స్టెమ్ కోర్సు కాబట్టి ఇంకో ఇరవై నాలుగు నెలలు పని చేసుకునే వీలు వాళ్ళ రూల్సే ఇస్తున్నాయి. అదే సమయంలో సొంత దేశంలో ఇల్లు వదులుకునే ఉద్దేశం ఉండకూడదని చట్టం అంటుంది. దేశభక్తి ఉపన్యాసం ఇస్తే ఎవరూ నమ్మరు. తిరిగొచ్చి ఏ రకం పని చెయ్యాలనుకుంటున్నారో ఇంటర్వ్యూకి ముందే కూర్చుని నిజంగా ఆలోచించండి. ఆలోచిస్తే వెళ్ళాలని లేదని తేలినా తప్పేం లేదు.

దొంగ కాగితాల జోలికి మాత్రం పోవద్దు. అకౌంట్లో నాలుగు రోజులు డబ్బు వేసి చూపిస్తామని, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేయిస్తామని అనేవాళ్ళు దొరుకుతారు. మామూలు రిజెక్షన్ తర్వాత మళ్ళీ వెళ్ళొచ్చు. మోసం తేలితే 212 సెక్షన్ కింద జీవితాంతం అమెరికా తలుపు మూసుకుపోవచ్చు. యూనివర్సిటీని కూడా చూసుకోవాలి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ బోగస్ అని తేలినప్పుడు అక్కడున్నవాళ్ళలో ఎక్కువమంది మన తెలుగు స్టూడెంట్సే. కొందరి కాళ్ళకి రేడియో ట్యాగులు కట్టారు. వాళ్ళ చేతిలోనూ ఐ-20 ఉండేది.

ఇంటర్వ్యూ ముందు రోజు చాలామంది చిలుకూరు బాలాజీ దగ్గర పదకొండు ప్రదక్షిణలు చేస్తారు, కోరిక తీరాక నూట ఎనిమిది. మా పెద్దమ్మ నెమలి వేణుగోపాలస్వామికి మొక్కుకుంది. ఇద్దరిలో క్రెడిట్ ఎవరిదన్న గొడవ ఇంట్లో ఇంకా నడుస్తోంది.

వీసా ఓకే అయితే పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారు, స్టాంప్ అయ్యాక వస్తుంది. కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే అమెరికాలో అడుగుపెట్టనిస్తారు, టికెట్ అది చూసి కొనండి. అక్కడి ఎయిర్‌పోర్టులో ఇంకో ఆఫీసర్ దాదాపు ఇవే ప్రశ్నలు మళ్ళీ అడుగుతాడు. ఐ-20 ఆవకాయ జాడీతో పాటు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకుండా చేతి బ్యాగులో పెట్టుకోండి.