కడుపులో మంట – తప్పంతా కారానిదేనా?

“నాకు గ్యాసండీ” అనే మాట వినిపించని ఇల్లు మన పల్లెల్లో ఒక్కటైనా ఉందా? ఛాతీ మధ్య మండినా గ్యాసే, పొట్ట ఉబ్బినా గ్యాసే, పులితేన్పు వచ్చినా గ్యాసే, చివరికి భుజం లాగినా గ్యాసే. ఇంట్లోవారు ఇచ్చే సలహా కూడా ఒక్కటే: కారం మానెయ్యి, పచ్చడి ముట్టుకోకు. పాపం, ఆ మనిషి నెలల తరబడి చప్పిడి కూడు తింటాడు. మంట మాత్రం తగ్గదు. ఎందుకని?

ఆహారాన్ని అరిగించడానికి మన కడుపులో ఘాటైన ఆమ్లం ఊరుతుంది. అది కడుపునే తినెయ్యకుండా లోపలి గోడకు జిగటగా ఉండే ఒక పొర కాపలా కాస్తుంది. ఆ పొర దెబ్బతిని గోడ వాచి ఎర్రబడితే దానిని గ్యాస్ట్రైటిస్ అంటారు. అశ్రద్ధ చేస్తే కొందరిలో అది పుండు పడుతుంది. మనవాళ్ళు అల్సర్ అనేది దానినే. కనుక ‘ఏమి తిన్నావు?’ అని అడిగి ఊరుకుంటే చాలదు. ఆ పొరను ఏది చెడగొట్టిందో కూడా చూడాలి.

మిరప కోతల రోజుల్లో ఒక కూలితల్లి దినచర్య గమనించండి. తెల్లవారుజామున లేచి ఖాళీ కడుపున గ్లాసుడు టీ తాగుతుంది. పిల్లలకు వండిపెట్టి, కేరియర్ సర్దుకుని ఆటో ఎక్కితే, నోట్లో మెతుకు పడేది పది దాటాకే. పగలంతా వంగి కోసినందుకు నడుము, మోకాళ్ళు పట్టేస్తాయి. సాయంత్రం మందుల షాపు దగ్గర దిగి “ఒళ్ళు నొప్పులకు ఇవ్వు బాబూ” అంటే రెండు మాత్రలు కత్తిరించి ఇస్తారు. పేరు తెలియదు, చీటీ ఉండదు. ఆ రాత్రి హాయిగా నిద్రపడుతుంది గనుక మర్నాడూ అవే మాత్రలు. కోతలు అయ్యేసరికి కడుపులో మంట మొదలు. అప్పుడు అందరూ కలిసి మిరపకాయను తిడతారు!

ఆ మాత్రలు చాలాసార్లు డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటివి. మన ఒంట్లో నొప్పిని, వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను అవి అడ్డుకుంటాయి. అయితే కడుపులో ఆ జిగట పొర ఊరడానికి కావలసినవి కూడా ఆ పదార్థాలే. అంటే నొప్పిని తగ్గించిన మందే కాపలావాడిని ఇంటికి పంపించేస్తుందన్నమాట. “అన్నం తిన్నాకే వేసుకున్నానండీ” అంటారు చాలామంది. తిన్నాక వేసుకుంటే వికారం కొంత తగ్గవచ్చు గాని, మందు రక్తంలో కలిశాక కూడా ఇదే పని చేస్తుంది. ఇంజక్షను చేయించుకున్నా అంతే. మామూలు ఒళ్ళు నొప్పులకు పారాసెటమాల్ కడుపుకు చాలా నయం, మోతాదు మాత్రం మించకూడదు. తాగుడు అలవాటున్నవారు, కాలేయం జబ్బున్నవారు అదైనా డాక్టరును అడిగే వేసుకోవాలి. గుండె కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. మంట సంగతి ఆ డాక్టరుకే చెప్పండి.

ఇంకొక కారణం కంటికి కనిపించదు. కడుపులోని ఆమ్లంలో క్రిమి బతకలేదని వైద్యలోకం నమ్ముతున్న రోజుల్లో, 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు రోగుల కడుపు నుండి తీసిన ముక్కల్లోని ఒక క్రిమిని పెంచి చూపించారు. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి, కొద్ది రోజుల్లోనే గ్యాస్ట్రైటిస్ తెచ్చుకున్నాడు! 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో ఈ క్రిమి ఎంతోమంది కడుపుల్లో ఉంది, కాని అందరికీ జబ్బు చెయ్యదు. జబ్బు చేసినవారికి పథ్యం చాలదు. పరీక్ష చేయించి, డాక్టరు రాసిన మందులు సాధారణంగా రెండు వారాలు పూర్తిగా వాడాలి. నాలుగో రోజుకు మంట తగ్గిందని మానేస్తే క్రిమి మొండికెత్తుతుంది.

అలాగైతే తిండితో పని లేదా? ఉంది. మైసూరులోని హోల్డ్స్‌వర్త్ మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన ఫ్రాంక్ టోవీ అనే సర్జన్, మన దేశంలో అల్సర్లు ఎక్కడ ఎక్కువో ఆరా తీసి 1979లో ప్రచురించారు. వరి అన్నమే ప్రధానమైనచోట ఎక్కువగాను, గోధుమలు, చిరుధాన్యాలు తినేచోట తక్కువగాను కనిపించాయి. ఆహారమొక్కటే దీనికి కారణమని తేలలేదు గాని, మన తాతలు తాగిన రాగి అంబలిని చులకన చేయనవసరం లేదు. పొద్దున టీకి ముందే ఆ అంబలో, మజ్జిగ పోసిన చద్దన్నమో కడుపులో పడితే మంచిది. కారం పుండును పుట్టించదు, ఉన్న పుండును మండిస్తుంది. అందుచేత తగ్గేవరకు ఆవకాయ, పచ్చిమిర్చి, వేపుళ్ళు తగ్గించి సొరకాయ, బీరకాయ, పెసరపప్పు తినండి. తరువాత మెల్లగా మీ కూర మీరు తినవచ్చు. చల్లని పాలు తాగగానే హాయిగా ఉంటుంది, కాసేపటికి ఆమ్లం మళ్ళీ ఎక్కువగా ఊరుతుంది. వంటసోడా నీళ్ళూ అంతే. పైగా అందులోని సోడియం రక్తపోటు ఉన్నవారికి మంచిది కాదు. రాత్రి తిన్న వెంటనే నడుం వాల్చకుండా రెండు మూడు గంటలు ఆగండి.

చుట్ట, బీడీ తాగేవారికి పుండు త్వరగా మానదు. సారా సంగతి చెప్పనక్కరలేదు. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక అయిదవ అధ్యాయంలో కడుపు జబ్బు ప్రస్తావన ఉన్నదని గుర్తుచేసి, గ్లాసు చేతబట్టే సహోదరులు అక్కడక్కడ తారసపడతారు. మద్యం కడుపు గోడను నేరుగా వాచేటట్టు చేస్తుందని ఈనాటి వైద్యం ఎరుగును.

ఉపవాస ప్రార్థనల సంగతి కూడా ఒక మాట. పుండుకు మందులు వాడుతున్నవారు, మధుమేహం ఉన్నవారు పూర్తి ఉపవాసానికి పూనుకొనేముందు డాక్టరును అడగండి. అయ్యగారికీ చెప్పండి, ఆయన అర్థం చేసుకుంటారు. అన్నం లేకుండా రోజంతా టీ మీద నెట్టుకురావడం కడుపుకు అన్నిటికంటే చెడ్డది. సాయంత్రం విరమించేటప్పుడు బజ్జీలతో కాక గంజితోనో, మజ్జిగన్నంతోనో మొదలుపెట్టండి.

పాంటోప్రజోల్ వంటి మాత్రలు ఉదయం తినడానికి అరగంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి. వాటినీ ఏళ్ళ తరబడి సొంతంగా మింగకూడదు. తారులాగా నల్లని విరేచనం, రక్తపు వాంతి, మింగడం కష్టం కావడం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్ళండి. (ఐరన్ మాత్రలు వేసుకునేవారికి కూడా విరేచనం నల్లబడుతుంది. ఆ సంగతి డాక్టరుకు చెబితే తేల్చుకుంటారు.) ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే దానిని గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. వెంటనే 108 పిలిచి, ఇ.సి.జి. తీసేచోటికి చేరండి.

మామూలు మంటకే డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడైతే ఒక పని చేయండి. ఇంట్లో వేసుకుంటున్న మాత్రలన్నీ, షాపులో కత్తిరించి ఇచ్చిన ముక్కలతో సహా, ఒక కవరులో వేసుకుని తీసుకెళ్ళి ఆయన బల్లమీద పెట్టండి.