చీకటిలో పండే సిరి

కావ్యాలలో సరోవర వర్ణన వచ్చినచోట కవుల చూపు ముందుగా పద్మంపై నిలుస్తుంది. దాని చుట్టూ అల్లుకొన్న శైవలం, అంటే నాచు, పద్మశోభకు నేపథ్యంగానే మిగిలిపోతుంది. రంగారెడ్డి జిల్లా మీర్‌పేట్‌లో పెద్ద చెరువు, చందన చెరువు, మంత్రాల చెరువు ఉన్నాయి. నగరం విస్తరించిన కొద్దీ ఇటువంటి చెరువులలోకి ఇళ్ల మురుగు చేరింది. మురుగులోని నత్రజని, భాస్వరాలను గ్రహించి నాచు దట్టంగా పెరుగుతుంది. చూపరులు దానిని చెరువుకు పట్టిన తెగులుగా భావిస్తారు. కాని ఆ నాచు కుటుంబానికే చెందిన సూక్ష్మశైవలాలు నేడు ఆహార, ఔషధ పరిశ్రమలకు విలువైన ముడిపదార్థాలయ్యాయి.

సూక్ష్మశైవలాలలో అధికభాగం స్వయంపోషకాలు. సూర్యకాంతి, నీరు, బొగ్గుపులుసు వాయువుల సహాయంతో కిరణజన్య సంయోగక్రియ జరిపి తమ ఆహారాన్ని తామే తయారు చేసుకొంటాయి. అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. అవి వృద్ధి పొంది నీరు చిక్కబడే కొద్దీ పైనున్న కణాల నీడ కింది కణాలపై పడుతుంది. వెలుగు లోతుకు చేరదు. పెరుగుదల మందగిస్తుంది. అందువల్ల ఆరుబయట కుంటలలో లీటరు నీటికి ఒక గ్రాము ఎండు పదార్థం లభించడమే కష్టం.

కొన్ని జాతులకు మరొక శక్తి కూడా ఉంది. వెలుగు లేకపోయినా చక్కెర వంటి సేంద్రియ పదార్థాన్ని ఆహారంగా స్వీకరించి అవి జీవించగలవు. దీనినే పరపోషణ అంటారు. మూతపెట్టిన ఉక్కు తొట్టెలలో గ్లూకోజు, లవణాలు, గాలి అందిస్తూ వీటిని పెంచుతారు. కాంతితో పనిలేదు కనుక నీడ బెడద లేదు. లీటరుకు యాభై గ్రాములకు మించిన దిగుబడి సాధ్యమవుతుంది. చైనా శాస్త్రవేత్తలు 2006లో క్లోరెల్లా జాతి శైవలాన్ని ఈ విధంగా పెంచగా, దాని ఎండు బరువులో సుమారు 55 శాతం నూనె లభించింది.

ఈ విధానం సాధించిన గొప్ప విజయం డి.హెచ్.ఎ. అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం. మెదడు, కంటిపొరల నిర్మాణానికి ఇది ముఖ్యం. తల్లిపాలలో ఇది సహజంగా ఉంటుంది. చేపనూనెలో లభించే డి.హెచ్.ఎ. కూడా ప్రధానంగా సముద్ర శైవలాల నుండి ఆహార పరంపర ద్వారా చేపలకు చేరినదే. అమెరికాలో 1985లో స్థాపితమైన మార్టెక్ సంస్థ, పత్రహరితం లేని క్రిప్తికోడినియం అనే సూక్ష్మజీవిని చీకటి తొట్టెలలో పెంచి ఈ నూనెను తీసింది. 2002 నుండి అక్కడి శిశు ఆహారంలో దీనిని చేర్చారు. చేపను ముట్టని శాకాహారులకు కూడా ఈ పోషకం అందుబాటులోకి వచ్చింది.

అయితే ప్రతి లాభానికీ ఒక మూల్యం ఉంటుంది. చక్కెర నీటిలో బాక్టీరియా చొరబడితే శైవలాలకంటే వేగంగా పెరిగి పంటనంతా పాడుచేస్తుంది. కనుక తొట్టెలను, నీటిని ఆవిరితో శుద్ధి చేయాలి. చీకటిలో కొన్ని జాతుల వర్ణద్రవ్యాలు కూడా తగ్గిపోతాయి. అన్నిటికంటే బరువైనది చక్కెర ఖర్చు. చౌక ఇంధనం కోసం ఈ మార్గం పట్టిన అమెరికా సంస్థ సోలజైమ్, తరువాత టెర్రావియాగా పేరు మార్చుకొని, 2017లో దివాలా తీసింది. ఖరీదైన ఉత్పత్తులకే ఈ పద్ధతి గిట్టుబాటవుతుందని ఆ అనుభవం చాటింది.

మరి చక్కెరకు బదులు వ్యర్థాన్నే ఆహారంగా ఇస్తే? హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఎస్. వెంకట మోహన్ బృందం ఈ దిశగా పరిశోధనలు చేసింది. 2012లో ప్రచురితమైన వారి అధ్యయనంలో మిశ్రమ సూక్ష్మశైవలాలను మురుగునీటిలో పరపోషక విధానంలో పెంచారు. మొదటి దశలో వాటిని పుష్టిగా ఎదగనిచ్చి, రెండవ దశలో పోషకాలు తగ్గించి ఆకలికి గురిచేశారు. కరవుకాలానికి ధాన్యం దాచుకొనే రైతువలె ఆ కణాలు నూనెను నిల్వ చేసుకొంటాయి. అదే సమయంలో మురుగులోని కాలుష్యం తగ్గుతుంది. ఇటువంటి నూనె ఆహారానికి పనికిరాదు, ఇంధనానికి ఉపయోగపడుతుంది.

చీకటిలో పెరిగిన శైవలం కూడా సూర్యుని ఋణం తీర్చుకోలేదు. అది తినే చక్కెర చెరకు, మొక్కజొన్న వంటి పైరులు ఎండలో కూడబెట్టినదే. ప్రకృతిలో ఏదీ ఉచితంగా రాదు. ఏదీ వ్యర్థంగా పోనక్కరలేదు. నిన్నటివరకు తెగులుగా తోచిన నాచులో సంపదను చూడగలిగిన దృష్టి, చెరువులో కలిసే మురుగులో కూడా ముడిసరుకును చూడగలిగితే, చెరువులు మళ్లీ పద్మాలకు నెలవులవుతాయి.